పొందూరు ఖద్దరు చొక్కా గుడ్డ: బీరువా తగ్గించుకునేవాళ్లకు పనికొస్తుందా?

ఇరవై చొక్కాల బీరువాని నాలుగింటికి దించాలంటే, ఆ నాలుగూ ఉతికిన మర్నాడే మళ్లీ ఒంటిమీదికి రావాలి. ఈ లెక్కలో శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్న ఖద్దరుకు ఎండాకాలంలో నూటికి నూరు మార్కులు. చెమట పీలుస్తుంది, గాలికి వేస్తే చిటికెలో ఆరిపోతుంది. మిగతా కాలాల్లో చాకిరీ అడుగుతుంది.

సన్నదనం ఊరికే రాలేదు. కొండపత్తిని గింజమీదే వాలుగ చేప దవడ పళ్లతో దువ్వుతారు. చెత్త పోయి పోగులు ఒక వరసకొస్తాయి. ఏకుల్ని (వడకడానికి చుట్టిన పత్తి చుట్టల్ని) ఎండిన అరటి దవ్వలో దాచి, చేత్తో 100–120 నంబరు నూలు తీస్తారు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం.

కొనేటప్పుడు గుడ్డని వెలుతురుకు పట్టి చూడండి. చేతి నూలు అక్కడక్కడా లావు, సన్నం అవుతుంది. అంతా ఒకే తీరుగా ఉంటే అనుమానించాలి. ఒక పోగు లాగి కాల్చితే కాగితం కాలిన వాసనొచ్చి, బూడిద పొడిగా నలగాలి. గట్టి ఉండ కడితే పాలిస్టర్ కలిసినట్టే. మిల్లు నూలు పత్తిదే అయితే మాత్రం ఈ పరీక్షకు దొరకదు, వెలుతురే దిక్కు.

36 అంగుళాల పన్నాలో (గుడ్డ వెడల్పులో) ఫుల్ హ్యాండ్స్‌కి సుమారు రెండున్నర మీటర్లు పడుతుంది. దర్జీకిచ్చే ముందు రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా నీడన ఆరేయండి. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకుకే చేతులు పొట్టివవుతాయి. చంకలో బిగుతుగా కుట్టించొద్దు, ముందు చిరిగేది అక్కడే. కాలరుకి బ్రష్ వేయకండి, సబ్బు రాసి చేత్తో నలిపితే చాలు. తెల్లదైతే లోపల బనియన్ తప్పదు.

గంజి దగ్గరే చాలామంది పాడుచేస్తారు. వార్చిన గంజిని వడగట్టి, నీళ్లలా పల్చన చేసి, తడిగుడ్డనే ముంచాలి. చిక్కగా పెడితే మడత దగ్గర పోగు విరుగుతుంది. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. వానాకాలంలో గంజి చొక్కా బీరువాలో మూలిగితే బూజు, పురుగు ఖాయం. కాబట్టి కట్టుకునే ముందురోజే గంజి.

రోజూ ఆమదాలవలస నుంచి శ్రీకాకుళానికి బండిమీద తిరిగేవాళ్లకు నాలుగూ ఇదే గుడ్డ వద్దు, భుజానికి బ్యాగు రాపిడి తట్టుకోదు. రెండు ఇవి, రెండు ముతక ఖద్దరువి చాలు. గాంధీ జయంతి రిబేటు బోర్డు చూసి ఆరు పీసులు కొంటే బీరువా మళ్లీ మొదటికొస్తుంది. ఒకటి కుట్టించి రెండు నెలలు వాడి, గంజి పని ఇంట్లో ఎవరు చేస్తారో తేలాకే రెండోది తీసుకోండి.