ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో సెయింట్ క్రాస్ ఆశ్రమం చూడండి, రాత్రి మాత్రం ఆ ఊళ్లో ఉండకండి

నాన్నతో కలిసి వెళ్లి ఊళ్లో ఒక రాత్రి బసకి 118 పౌండ్లు పోశాను, ముందు ఆ బాధ చెప్పుకోనివ్వండి. నాన్నకి మోకాళ్ల నొప్పులు, కింది అంతస్తులోనే గది కావాలని బుకింగ్‌లోనే రాస్తే సరేనన్నారు. తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, హీటర్ గోరువెచ్చగా కూడా కాలేదు. అడిగితే "ఉన్నది ఇదే" అన్నాడు అక్కడ గదులిచ్చే మనిషి, తలైనా ఎత్తకుండా. నాన్న స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. పొద్దున నాతో మాట్లాడలేదు.

కథెడ్రల్ చూశాం, బాగుంది. అక్కణ్నుంచి ఇచెన్ నది పక్కనే మైలు దూరం మెల్లగా నడిస్తే సెయింట్ క్రాస్ హాస్పిటల్. పేరు అలా ఉన్నా ఆసుపత్రి కాదు, పేద వృద్ధుల కోసం 1130ల్లో హెన్రీ ఆఫ్ బ్లోయ్ అనే బిషప్ కట్టించిన ఆశ్రమం. అప్పట్లో 13 మందికి నీడ, రోజూ ఇంకో వంద మందికి భోజనం. ఇప్పటికీ అందులో పెద్దవాళ్లు ఉంటున్నారు. వాళ్లలో నల్ల గౌను వేసుకునేవాళ్లు మొదటి శాఖ, ఎర్ర గౌను వాళ్లు 1445లో కార్డినల్ బోఫోర్ట్ కలిపిన శాఖ.

గేటు దగ్గర అడిగినవాళ్లకి రొట్టె ముక్క, కొమ్ము గ్లాసులో గుక్కెడు బీరు ఇస్తారు. నోరు తెరిచి అడగాలి, మొహమాటపడితే రాదు. నాన్న బీరు వద్దని, రొట్టె మాత్రం రెండు చేతులా అందుకుని "ఎన్నేళ్లనుంచి పెడుతున్నారట?" అన్నారు. ఆ రోజు ఆయన మొదటి మాట అదే.

ఇక లోపలికి వెళ్లాక నాన్న కదిలితే ఒట్టు. ఆర్ అండ్ బీలో ముప్పై ఏళ్లు చేసిన మనిషి మరి! పచ్చిక చుట్టూ వరసగా ఇళ్లు, ఒక్కో గుమ్మానికి నాలుగు, కింద రెండు, పైన రెండు. గోడల్లోంచి ముందుకు పొడుచుకొచ్చి, కప్పు దాటి నిటారుగా లేచిన చిమ్నీలు. నాన్న వాటికేసి చూస్తూ, "ముసలాళ్లకి చలేస్తుందని ముందు పొయ్యి సంగతి చూశారు రా" అన్నారు. రాత్రి సంగతి గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది.

చర్చి గోడలు మీటరు పైనే మందం. పైన ఒకచోట అర్ధచంద్రాకారపు కమానులు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి, దాటినచోటల్లా మధ్యలో మొనదేలిన కమాను దానంతటదే పుడుతుంది. నేను చూసి ముందుకెళ్లిపోయాను. ఆయన టీ రసీదు (రెండు టీలు, ఒక కేకు, 11.30 పౌండ్లు) వెనక బొమ్మ గీసి చూపిస్తే గానీ నాకు అర్థం కాలేదు.

లండన్ వాటర్‌లూ నుంచి రైల్లో గంట ప్రయాణం, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. వేళలు ముందే చూసుకోండి. మాకు రెండు రైళ్లు తప్పిపోయాయి. మూడోది ఎక్కాక కూడా నాన్న ఆ రసీదు మోకాలి మీద పెట్టుకుని చిమ్నీలు ఎన్ని అడుగులుంటాయో లెక్కేస్తూనే ఉన్నారు.