అమీర్‌పేట వెర్బుల క్లాసు: ఫీజుకి తగ్గట్టు ఉందా?

అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ వాళ్ళు తికమకపెట్టే వెర్బుల మీదే విడిగా వీకెండ్ బ్యాచ్ పెట్టారు. పేరు చెప్పను గానీ, క్లాసు మాత్రం పర్లేదు. సార్ తెలుగు నుంచే మొదలుపెడతారు, నాకు నచ్చింది అదే. మనకి అన్నిటికీ ఒకటే 'చూడు'. ఇంగ్లిష్‌లో టీవీ అయితే వాచ్, కావాలని అటు తిరిగి చూస్తే లుక్, కంటబడితే సీ. రైజ్, రెయిజ్ గొడవ రెండు నిమిషాల్లో తేలిపోయింది: సూర్యుడు తనే లేస్తాడు కాబట్టి రైజ్, చెయ్యి మనం లేపుతాం కాబట్టి రెయిజ్.

అసలు తలనొప్పి లై, లే. లై అంటే పడుకోవడం, లే అంటే దేన్నైనా పెట్టడం, ఇక్కడిదాకా ఓకే, కానీ లైకి పాస్ట్ టెన్స్ కూడా 'లే' అనే మాటే! 'నిన్న మంచం మీద పడుకున్నాను' అనాలంటే ఐ లే అనాలి, ఐ లెయిడ్ కాదు (తెలుగులో లే అంటే లేవమని, వీళ్ళకేమో పడుకున్నానని, ఏం చెప్తాం). బోర్డు మీద లై-లే-లెయిన్, లే-లెయిడ్-లెయిడ్ పక్కపక్కన రాసి ఒక్కొక్కరి చేత వాక్యాలు చెప్పించారు, బాగా బుర్రకెక్కింది.

మేక్, డూ దగ్గర మాత్రం చేతులెత్తేశారు. మేక్ ఎ మిస్టేక్, డూ హోంవర్క్ అంటూ లిస్టు ఇచ్చి బట్టీ పట్టమన్నారు. దానికి పక్కా రూల్ లేదు, నిజమే, కానీ ప్రాక్టీస్ అన్నా చేయించాలి కదా? మెటీరియల్ అంతా జిరాక్స్, సగం పేజీలు మసక.

బారో, లెండ్ తేడా కోసమే అయితే డబ్బులు తగలెయ్యకండి, అప్పు తీసుకుంటే బారో, ఇస్తే లెండ్. చేరేవాళ్ళు సాయంత్రం బ్యాచ్‌లో చేరండి, జనం తక్కువ.