ఆల్కో గొంతు కోసం: సౌండ్ డీకోడర్‌తో నాలుగేళ్లు

నేను పుట్టి పెరిగింది గుత్తిలో. అక్కడి డీజిల్ షెడ్డులో ఆల్కో అనే అమెరికా కంపెనీ రకం రైలింజన్లు నిలబడి ఉండి ఐడిల్‌లో తిరుగుతుంటే ఆ దడదడ మా ఇంటిదాకా వినిపించేది. ఇప్పుడు ఉండేది బెంగళూరు కృష్ణరాజపురంలో. ఇక్కడా డీజిల్ షెడ్డు ఉంది గానీ, దీనికి పేరు తెచ్చినవి ఈఎండీ అనే మరో కంపెనీ రకం ఇంజన్లు. వాటి గొంతు వేరు. నాకు చిన్నప్పటి చప్పుడే కావాలి. అందుకే నాలుగేళ్ల కిందట నా హెచ్‌ఓ సైజు (అసలులో 87వ వంతు) ఆల్కో సీ-424 బొమ్మ రైలింజన్‌లో సౌండ్ డీకోడర్ పెట్టాను, అంటే మోటారును నడుపుతూ ఇంజన్ చప్పుళ్లు వినిపించే చిన్న సర్క్యూట్ బోర్డు. అది అమెరికా బండి, మన రైల్వే వాడిన డబ్ల్యూడీఎం-2 కాదు. కానీ రెండింటి కడుపులోనూ ఉన్నది ఆల్కో 251, 16 సిలిండర్ల ఇంజనే.

డీకోడర్ ఈఎస్‌యూ అనే కంపెనీ వాళ్ల లోక్‌సౌండ్ 5. దాదాపు పది వేలు పెట్టి తెప్పించుకున్నాను. ఆ ఉత్సాహంలో స్పీకర్ సంగతి పెద్దగా ఆలోచించలేదు. ఎస్.పి.రోడ్డులో దొరికిన చిన్న స్పీకర్ తెచ్చి, టేపుతో అంటించి షెల్ (బొమ్మ పైతొడుగు) మూసేశాను. ఇంజన్ స్టార్ట్ చేస్తే డబ్బాలో తుమ్మెద పడ్డట్టు వినిపించింది. డీకోడరే బాగాలేదేమో అని వారం రోజులు సెట్టింగులు మార్చుతూ కూర్చున్నాను. తప్పు అక్కడ లేదు. స్పీకర్ పొర ముందుకు తోసే గాలి, వెనక్కి తోసే గాలి కలిసిపోతే లోతైన శబ్దం అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆ రెండూ కలవకుండా స్పీకర్ వెనక మూసిన డబ్బా ఉండాలి. డీజిల్ ఇంజన్‌కు ప్రాణం ఆ లోతులోనే ఉంది.

సీ-424 హుడ్, అంటే ఇంజన్ ఉండే పొడవాటి పైభాగం, సన్నం, లోపల వెడల్పు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. 28 మి.మీ. గుండ్రటి స్పీకర్ పట్టదు. అందుకని ఫోన్లలో వాడే 11×15 మి.మీ. రకం, షుగర్ క్యూబ్ అంటారే, అది తీసుకున్నాను. త్రీడీ ప్రింటర్ ఉన్న స్నేహితుడు డబ్బా చేసిచ్చాడు. అంచుల చుట్టూ తెల్ల ఫెవికాల్ రాసి ఒక్క సందు లేకుండా మూశాను. అదే డీకోడర్, అవే సెట్టింగులు. ఈసారి స్టార్ట్ చేస్తే గుత్తి షెడ్డు గుర్తొచ్చి కాసేపు అలాగే వింటూ ఉండిపోయాను. కొన్ని వందల రూపాయల వస్తువు పది వేల వస్తువుకు గొంతు ఇచ్చింది. ఎవరైనా అడిగితే నేను ముందు స్పీకర్‌కు, డబ్బాకు చోటు చూసుకోమంటాను. డీకోడర్ ఆ తర్వాత.

రెండు స్పీకర్లు పెట్టేవాళ్లు ఓముల లెక్క, అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు, చూసుకోవాలి. 8 ఓముల స్పీకర్లు రెండు పక్కపక్కన (పారలల్‌గా) కలిపితే 4 ఓములు, ఒకదాని వెనక ఒకటి (సిరీస్‌గా) కలిపితే 16. లోక్‌సౌండ్ 5 నాలుగు ఓములదాకా తగ్గినా తట్టుకుంటుంది, 8 కంటే తక్కువ పెట్టకూడని డీకోడర్లు కూడా ఉన్నాయి. ప్లస్, మైనస్ తారుమారైతే రెండూ ఒకదాని శబ్దాన్ని ఇంకొకటి మింగేస్తాయి.

వైరింగ్ కష్టమేమీ కాదు: ఎరుపు, నలుపు పట్టాల కరెంటుకు, నారింజ, బూడిద మోటారుకు, గోధుమ రంగువి స్పీకర్‌కు. కానీ మోటారు తీగ ఫ్రేముకు తగలకూడదు. నా రెండో ఇంజన్‌లో, అది వేరే రకం డీకోడర్, షెల్ మూసేటప్పుడు బూడిద తీగ నలిగి ఫ్రేముకు తగిలింది. పట్టాల మీద పెట్టగానే కాలిన వాసన. ఆ రోజు చాలా బాధేసింది. అప్పటినుంచి షెల్ మూసే ముందు ఒకసారి, మూశాక ఒకసారి మల్టీమీటర్‌తో చూడందే పట్టాల మీద పెట్టను. స్పీకర్ కాళ్లకు సోల్డరింగ్ కూడా రెండు సెకన్లలో ముగించాలి, లేదంటే ప్లాస్టిక్ కరుగుతుంది.

సెట్టింగుల్లో నాకు ఎక్కువ పనికొచ్చినవి రెండే. డీకోడర్‌లో ఒక్కో సెట్టింగుకు ఒక సీవీ నంబరు ఉంటుంది. మొదటిది సీవీ 63, మొత్తం వాల్యూమ్. 192 దాకా పోతుంది, నేను 90 దగ్గర ఉంచుతాను. గదిలో అంతకంటే పెంచితే చిన్న స్పీకర్ చిరచిరలాడుతుంది. రెండోది సీవీ 54లో 0 రాసి కంట్రోలర్ మీద ఎఫ్1 బటన్ నొక్కితే జరిగే మోటారు ట్యూనింగ్. ఇంజన్ ఒక్కసారిగా దూసుకుపోతుంది కాబట్టి ముందు పొడవాటి పట్టా ఖాళీగా ఉంచాలి. ఇది చేశాక నా బండి నత్తలా కూడా కుదుపు లేకుండా కదులుతోంది. ఇక డ్రైవ్ హోల్డ్ అనే సౌకర్యం అంటే నాకు ప్రాణం. వేగం మారకుండా ఇంజన్ చప్పుడు మాత్రం మెట్టు మెట్టుగా పెంచవచ్చు. బరువు లాగుతూ గట్టు ఎక్కుతున్న గూడ్సు బండి కళ్లకు కడుతుంది.

నాలుగేళ్లలో ఎక్కువ విసిగించింది దుమ్ము. మా ఏరియాలో ఎప్పుడూ ఏదో ఒక రోడ్డు తవ్వుతూనే ఉంటారు. చక్రాలకు మురికి పడితే అరక్షణం కరెంటు తెగుతుంది, చప్పుడు ఆగి మళ్లీ మొదలవుతుంది. కాసింత కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్ ప్యాక్ పెట్టాక ఆ బాధ చాలావరకు పోయింది. అయినా నెలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు, చక్రాలు తుడుస్తాను.

పోయిన సంక్రాంతికి నాన్న వచ్చినప్పుడు బండి నడిపి చూపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. "ఇంజన్ బాగానే తిరుగుతాంది గానీ, హారన్ మాత్రం మనది కాదప్పా" అన్నాడు. నిజమే, డీకోడర్‌లోని సౌండ్ ఫైలులో ఉన్నది అమెరికా హారన్. డీకోడర్‌లోకి శబ్దాలు ఎక్కించే లోక్‌ప్రోగ్రామర్‌తో దాని బదులు మనది ఎక్కించవచ్చు. ఊళ్లో లెవల్ క్రాసింగ్ దగ్గర నిలబడి నాన్న ఫోన్లో మూడు రికార్డింగులు తీసి పంపాడు. రెండింట్లో గాలి హోరు ఎక్కువ. మూడోది శుభ్రంగా ఉంది, ఈ ఆదివారం ఎక్కిస్తున్నాను.