16 సందులు, ఒకే కొలత: మా బాల్కనీ రెయిలింగ్

విజయవాడ మొగల్రాజపురంలో మా ఇంటి మొదటి అంతస్తు బాల్కనీకి స్టీలు రెయిలింగ్ రెండుసార్లు చేయించాల్సి వచ్చింది. రెండోసారి చేసింది ఆటోనగర్‌లో అన్నదమ్ములిద్దరు నడిపే వెల్డింగ్ షాపు వాళ్లు. ఈ రివ్యూ వాళ్ల పని గురించి.

మొదట చేసినతను వేరు. 100 మిల్లీమీటర్ల చెక్కముక్క అడ్డం పెట్టుకుంటూ, ఎడమ నుంచి ఒక్కో రాడ్డూ అతికించుకుంటూ పోయాడు. కుడి పిల్లర్ దగ్గరికొచ్చేసరికి 136 సందు మిగిలింది. ఇంకో రాడ్డు పెడితే 20 మాత్రమే మిగులుతుంది. "ఏం కనపడదులేండమ్మా" అని వెళ్లిపోయాడు. మా మనవడికి ఏడాదిన్నర. సరిగ్గా ఆ మూలకే పోయి తల దూర్చబోయాడు. నా గుండె ఆగినంత పనైంది. సాయంత్రంలోగా అక్కడ నైలాన్ తాడు అల్లేశాను.

ఆటోనగర్ అన్నదమ్ముల్లో పెద్దాయన వచ్చి పిల్లర్ల మధ్య కొలిస్తే 1760 మిల్లీమీటర్లు వచ్చింది. గోడ మీద పెన్సిలుతో లెక్క వేసి చూపించాడు. "ముందు రాడ్ల మందం తీసెయ్యాలమ్మా. మిగిలింది సందులకి పంచాలి. సందులెప్పుడూ రాడ్ల కన్నా ఒకటి ఎక్కువ." 16 మందం రాడ్లు 15 అంటే 240. మిగిలిన 1520ని 16 సందులకి పంచితే ఒక్కోటి 95. నాలుగు అంగుళాల లోపే.

నాకు బాగా నచ్చింది మార్కింగ్. టేపు ఒక్కసారే పరిచి, మళ్లీ జరపకుండా 103, 214, 325 అంటూ ఒక్కో రాడ్డు నడిమధ్య ఎక్కడికి రావాలో అక్కడ గీతలు పెట్టాడు. ఒక రాడ్డు నుంచి ఇంకో రాడ్డుకి కొలుచుకుంటూ పోతే, ఒక్కోసారి ఒక మిల్లీమీటరు తప్పినా చివరికి అది సెంటీమీటరు దాటుతుందట. పై పైపునీ కింది పైపునీ పక్కపక్కనే బిగించి రెండింటికీ ఒకేసారి గీశాడు. అందుకే రాడ్లన్నీ నిటారుగా నిలబడ్డాయి. వెల్డింగ్ వేడికి రాడ్డు పక్కకి లాగుతుందని, ముందు అన్నిటికీ చిన్న చుక్క పెట్టి, మళ్లీ కొలిచి, ఆ తర్వాతే పూర్తిగా అతికించాడు.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకి నాలుగు రోజులు ఆలస్యం చేశారు. రెండు జాయింట్ల దగ్గర పాలిష్ గరుగ్గా ఉంటే మళ్లీ పిలిపించాల్సి వచ్చింది. రన్నింగ్ ఫుట్ రేటు (పొడవులో అడుగుకి ఇంత అని) కూడా మొదటతని కన్నా ఎక్కువే. అయినా నాకు బాధ లేదు. బిల్లు మీద స్టీలు 304 గ్రేడ్ అని అడిగి రాయించుకోండి. అయస్కాంతం పెట్టి చూస్తే తక్కువ రకం 202 గ్రేడ్ స్టీలుకీ దానికీ తేడా తెలియదు.

మెట్ల రెయిలింగ్ కూడా వాళ్లకే ఇచ్చాను. ఫోన్లో రేటు చెప్పరు, వచ్చి కొలిచాకే చెబుతారు.