మాస్టోడాన్‌లో ఏడాది: ఫీడ్ అయిపోయే చోటు

పోయినేడాది నాకు సోషల్ మీడియా అంటే అలసట పట్టుకుంది, విసుగు కూడా కాదు, ఒట్టి అలసట. పొద్దున లేస్తూనే ఫోన్ తీయడం, పది నిమిషాలు అనుకుంటే గంట అయిపోవడం, పక్కన పెట్టేసరికి తల బరువెక్కి, అంతసేపూ ఏం చూశానో ఒక్కటీ గుర్తు లేకపోవడం. అప్పుడు వాడుతున్న యాప్‌లో స్నేహితుల పోస్టులు ఎక్కడో అడుగున పడిపోయి, ముక్కూమొహం తెలియనివాళ్ల గొడవలే పైకి తేలేవి. తీసేద్దామంటే ఉన్న నలుగురూ దూరమవుతారేమోనని బెంగ. ఆ టైములో మాస్టోడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో అకౌంట్ తెరిచాను.

2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే ప్రోగ్రామర్ దీన్ని మొదలుపెట్టాడు. ఇది ఒక కంపెనీ చేతిలో ఉండేది కాదు, ఎవరికి వాళ్లు నడుపుకునే వేల సర్వర్లు ఉంటాయి, ఈమెయిల్‌లాగా ఏ సర్వర్‌లో ఉన్నా మిగతావాటిలో ఉన్నవాళ్లతో మాట్లాడొచ్చు. వాటిని కలిపేది యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్, అంటే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ 2018లో దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. యాడ్లు లేవు. హోమ్ ఫీడ్‌లో మనం ఫాలో అయినవాళ్లు రాసినవి, వాళ్లు బూస్ట్ చేసినవి (అంటే ఇతరుల పోస్టుల్లో తిరిగి పంచుకున్నవి), మనం ఫాలో అయిన హ్యాష్‌ట్యాగ్‌లవి మాత్రమే, వచ్చిన వరసలో వస్తాయి.

ఈ వరస సంగతి చదివితే చిన్నదే, వాడితే తెలిసింది. మొదటివారంలో ఒకరోజు రాత్రి కిందికి జరుపుకుంటూ పోతుంటే పొద్దున చదివిన పోస్టు వచ్చింది. అంటే చూడాల్సిందంతా చూసేశాను. పైకి వెళ్లి మళ్లీ లాగాను, కొత్తగా ఏమీ రాలేదు. బొటనవేలు మాత్రం అలవాటుకొద్దీ ఇంకా కదులుతూనే ఉంది. ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నాను, చాలా రోజుల తర్వాత. అంతులేకుండా జరిగే స్క్రోల్‌ని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత తనే దాని గురించి బాహాటంగా బాధపడ్డాడు. ఆ బాధ ఎందుకో నాకు ఆ రాత్రి అర్థమైంది. నన్ను అలిసిపోయేలా చేసింది మనుషులు కాదు, ఎక్కడా ఆగనివ్వని ఆ ఏర్పాటు.

మనుషుల విషయానికొస్తే, ఒకసారి మా కుట్టు మిషన్ మీద గుడ్డ కింది వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తోందని ఫోటో పెట్టాను. నన్ను ఫాలో అయ్యేవాళ్లు నలభైమంది కూడా లేరు. అయినా కుట్టుపని హ్యాష్‌ట్యాగ్ చూసి రెండు గంటల్లో ముగ్గురు జవాబిచ్చారు. ఒకావిడ కాగితం మీద బొమ్మ గీసి మరీ పెట్టింది: "తప్పు బాబిన్‌ది కాదండీ, పైదారానిది. ప్రెసర్ ఫుట్ పైకి ఎత్తి దారం ఎక్కించండి, అప్పుడే టెన్షన్ డిస్కుల మధ్యలోకి దిగుతుంది." అలాగే చేశాను, కుట్టు సాఫుగా పడింది. ఆవిడ మర్నాడు మళ్లీ వచ్చి ఏమైందని అడిగింది. పాత యాప్‌లో నాకు లైకులు ఇంతకు పదింతలు వచ్చేవి, ఇలా అడిగినవాళ్లు మాత్రం గుర్తులేరు.

ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. మొదట్లో ఫీడ్ బోసిగా ఉంటుంది. 2022 చివర్లో ట్విట్టర్ చేతులు మారినప్పుడు లక్షలమంది ఇటు వచ్చి, చాలామంది వెనక్కి వెళ్లిపోయారు, ఈ బోసితనమూ ఒక కారణమేనని నా అనుమానం. ఎవరిని చదవాలో యంత్రం చెప్పదు, మనమే వెతుక్కోవాలి, పలకరించాలి. పాత పోస్టులు వెతకడం కూడా కష్టమే, రాసినవాళ్లు అనుమతిస్తేనే వాళ్ల పోస్టులు సెర్చ్‌లో దొరుకుతాయి.

అన్నిటికన్నా బాధపెట్టింది ఇంకోటి. నేను మొదట చేరిన చిన్న సర్వర్‌ని ఒక్క మనిషి తన ఖాళీ టైములో నడిపేవాడు. ఖర్చు, ఫిర్యాదులు, రాత్రిపూట వచ్చే స్పామ్, అన్నీ అతని నెత్తినే. ఆరో నెలలో, ఇక నావల్ల కాదు, మూడు నెలల్లో మూసేస్తున్నానని పోస్టు పెట్టాడు. వేరే సర్వర్‌కి మారాను, ఫాలోయర్లు నాతో వచ్చారు, రాసిన పోస్టులు రాలేదు. ఆ కుట్టు మిషన్ సంభాషణను ఫైలుగా దింపుకున్నాను కాబట్టి మిగిలింది. అతని మీద నాకు కోపం లేదు. ఆర్నెల్లు అతని ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పి, ఒక్కసారైనా ఎలా ఉన్నావని గానీ, ఖర్చు ఎంతవుతోందని గానీ అడగనిది నేను.

మన ఆన్‌లైన్ గుంపులు ఇకముందు ఇలాంటి చిన్న చిన్న చోట్లలోనే బతుకుతాయని నాకు గట్టిగా అనిపిస్తోంది, కాకపోతే వాటిని ఒక్కరి మీదే వదిలేస్తే నిలవవు. పెద్ద చోట్లలోనూ భారం ఇలాంటివాళ్ల మీదే ఉంది: 2023లో రెడిట్ అనే చర్చావేదికలో వేల కమ్యూనిటీలను మూసి కంపెనీకి నిరసన తెలిపిన మోడరేటర్లు, అంటే గుంపుల్లో పోస్టుల మంచిచెడ్డలు చూసుకునేవాళ్లు, కూడా జీతం లేకుండా పనిచేసేవాళ్లే.

చేరాలనుకుంటే సర్వర్‌ని దాని సైజు చూసి ఎంచుకోకండి. 'గురించి' పేజీ తెరిచి నియమాలు చదవండి, నడిపేవాళ్లు ఒకరా, నలుగురా, డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. నచ్చిన హ్యాష్‌ట్యాగ్‌లు ఓ పది ఫాలో అవ్వండి, రెండు వారాలు లైకులు కొట్టి ఊరుకోకుండా జవాబులు రాయండి. ఇప్పుడున్న సర్వర్‌కి నేను నెలనెలా కొంత పంపుతున్నాను, వారానికో సాయంత్రం ఫిర్యాదులు చూసే పని కూడా తీసుకున్నాను.