గ్లాసు మీద పొగ మూత: బాగా వాడాక తేలిన సంగతులు

గ్లాసులోని మందుకి పొగ వాసన పట్టించే స్మోకర్ టాప్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. అరచేతిలో ఇమిడే గుండ్రటి చెక్క మూత, నడుమ గుంట, గుంట అడుగున స్టీలు జాలీ. దాన్ని గ్లాసు మీద పెట్టి, గుంటలో చిటికెడు చెక్క పొట్టు వేసి, పైనుంచి బ్యూటేన్ టార్చ్ చూపిస్తే మంట తోపుకి పొగ కిందికి, గ్లాసులోకి దిగుతుంది. డాలస్‌లో మా ఇంటికొచ్చిన బావమరిది మొదటిసారి చూసి, "బావా, మందు తాగే ముందు ఈ హోమం ఏంటి?" అన్నాడు. రెండో గ్లాసుకి టార్చ్ తనే అందుకున్నాడు.

నా మటుకు పెట్టిన డబ్బు గిట్టింది. అయితే దాదాపుగా ఒక్క డ్రింకుకే: ఓల్డ్ ఫ్యాషన్డ్. 60 మి.లీ. బర్బన్ (అమెరికా విస్కీ), చెంచాడు చక్కెర పాకం, రెండు మూడు చుక్కల అంగొస్తురా బిటర్స్ (చేదు మసాలా ద్రావకం), పెద్ద ఐసు ముక్క. దీనికి పొగ అంత బాగా కుదరడానికి కారణముంది. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఉంచాలి. చెక్కలోని లిగ్నిన్ కాలితే గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ వాసన చాలావరకు వీటిదే. అంటే బర్బన్‌లో ఆ జాడ ముందే ఉంటుంది, మనం పట్టే పొగ దాన్ని కాస్త పైకి లేపుతుందంతే.

ఐసు వేసి, కలిపి, గ్లాసు చల్లబడ్డాకే పొగ పట్టాలి. చల్లటి గాజు మీద, చల్లటి ద్రవం మీద పొగ బాగా పడుతుంది. భద్రత కూడా ఒక కారణం: 40 శాతం మద్యం సుమారు 26 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి వదులుతుంది. గది వేడిలో ఉన్న మందు మీదికి టార్చ్ వంచడం నాకైతే ఇష్టం లేదు. వెంట్ హుడ్ వేసుకోవడం మాత్రం మరవకండి, అమెరికా అపార్ట్‌మెంట్లలో స్మోక్ అలారానికి సరసం తెలియదు.

పొట్టు రాజుకుని కమిలితే చాలు, మంట పట్టి మండకూడదు. అర నిమిషం లోపే మూత తీసేయాలి. ఇంకాసేపు ఉంచితే బాగుంటుందనిపిస్తుంది గానీ, ఉంచితే వచ్చేది చేదు, నాలుక మీద బూడిద వగరు. ఆన్‌లైన్ వీడియోల్లో గ్లాసు నిండా తెల్లగా సుడులు తిరిగే పొగ కంటికి మాత్రమే బాగుంటుంది.

చెక్కల విషయంలో నా ఓటు చెర్రీకి. పెకాన్ తర్వాతి స్థానం, కాస్త గింజల కమ్మదనం వస్తుంది. హికరీ మాంసానికే బాగు. ఇక మెస్కీట్, టెక్సాస్ వాళ్లు బార్బెక్యూకి ప్రాణం పెట్టే చెక్క, గ్లాసులో మాత్రం మరీ మోటు. ఇది మన ఊళ్లలో చెరువు గట్ల మీద విచ్చలవిడిగా పెరిగి బొగ్గు బట్టీలకి పోయే సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమే. ఆ బొగ్గు వాసన ఎరిగినవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు.

దీనికి ముందు గొట్టం, బ్యాటరీ, ఫ్యాను ఉన్న స్మోకింగ్ గన్ ఒకటి వాడాను. పొగ ధారాళంగానే వచ్చేది. కానీ ఫ్యానుకి, గొట్టానికి జిగట తారు పట్టి, శుభ్రం చేయడమే ఒక పనయ్యేది. ఎవరికో ఇచ్చేశాను.

ఇప్పుడు అసలు లోపం. ఈ మూత ఇచ్చేది వాసనే గాని రుచి తక్కువ. మొదటి రెండు మూడు గుక్కలు అద్భుతం, సగం గ్లాసుకి పొగ ఊసే ఉండదు. స్కాట్లండ్‌లోని ఐలా దీవి విస్కీలో అలా ఉండదు. అక్కడ పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసి ఎండబెట్టే మట్టిలాంటి ఇంధనం) పొగతో బార్లీ మాల్ట్‌నే ఆరబెడతారు. బట్టీ పట్టకముందే గింజకెక్కిన పొగ కాబట్టి ఆఖరి చుక్కదాకా ఉంటుంది. అందుకే పొగ నిలవాలనుకున్న రోజు మూత జోలికి పోను, బర్బన్‌లో ఒక చెంచా లఫ్రోయిగ్ అనే ఐలా విస్కీ కలుపుతాను. ఇండియాలో ఉన్నవాళ్లకి అమృత్ ఫ్యూజన్ విస్కీ ఉంది, అందులో నాలుగో వంతు పీట్ పొగ పట్టిన స్కాట్లండ్ బార్లీ. మరీ మెత్తటి పొగ కావాలంటే ఇంకో దారి: పైన్ పొగ మీద ఆరబెట్టే చైనా టీ, లాప్సాంగ్ సూచాంగ్. పావు లీటరు బర్బన్‌లో చెంచాడు ఆకు వేసి, పది నిమిషాల నుంచి రుచి చూస్తూ, చాలనిపించగానే వడకట్టాలి. ఆలస్యమైతే టీ వగరు దిగిపోతుంది.

నిమ్మరసం పడే డ్రింకులకి ఈ మూత అసలు పనికిరాదు. పులుపు, పొగ గొడవపడతాయి. మార్గరీటాలో పొగ కావాలంటే టెకీలా బదులు దాని చుట్టమైన మెక్సికో మద్యం మెస్కాల్ పోసుకోండి, దాని అగావె దుంపల్ని నేలలో తవ్విన గుంటల్లో కాలుస్తారు. జిన్ అండ్ టానిక్ సంగతి ఎత్తకండి.

వాడిన వెంటనే జాలీని వేడినీళ్లలో వంటసోడా వేసి నానబెడితే మసి వదులుతుంది. చెక్క మూతని నానబెట్టొద్దు, చీలుతుంది. కొనేటప్పుడు ఆరు రకాల చెక్క డబ్బాలున్న ఖరీదైన కిట్ దేనికి? మూత, టార్చ్, ఒక డబ్బా చెర్రీ చాలు. టార్చ్ సాధారణంగా ఖాళీగా వస్తుంది, బ్యూటేన్ డబ్బా అదే రోజు విడిగా తెచ్చుకోండి.