బీఎస్-6 లారీతో నాలుగేళ్ళు: డీజిల్, డబ్బా మందులు, యూరియా

2021 ఫిబ్రవరిలో పది టైర్ల బీఎస్-6 లారీ తీసుకున్నాను. బీఎస్ అంటే బండి పొగకి ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ నియమం గట్టిది. అంతకు ముందు పదకొండేళ్ళు వేరేవాళ్ళ బండి మీద డ్రైవర్‌ని. సొంత బండి ఇదే మొదటిది. మా ఇల్లు ఒడిశాలోని బరంపురం. తిరిగేది పర్లాకిమిడి, మోహన, రాయగడ. ఇటు ఆంధ్రా సరిహద్దులోని గిరిసోల దాటి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస. కొబ్బరికాయలు, జీడిపప్పు, ధాన్యం, మొక్కజొన్న, ఏ లోడు దొరికితే ఆ లోడు. బండి ఇప్పటికి 3 లక్షల కిలోమీటర్లు దాటింది. అందులో సగం సముద్రం గాలిలో, సగం కొండెక్కి దిగడంలో.

బండి తెచ్చి ఇంటి ముందు పెట్టిన వారానికే సలహాలు మొదలయ్యాయి. ప్రీమియం డీజిల్ తప్ప ఇంకోటి కొట్టించొద్దని ఒకరు. ట్యాంకులో మందు పోస్తే లీటరుకి అర కిలోమీటరు కలిసొస్తుందని ఒకరు. పొగ శుద్ధికి వేరే ట్యాంకులో పోసే యూరియా నీళ్ళు ఇంట్లోనే కలుపుకోవచ్చని ఇంకొకరు. నెలనెలా కిస్తీ కట్టేవాడికి ఇలాంటి మాటలు తొందరగా ఎక్కుతాయి. ఆ చివరిది తప్ప దాదాపు అన్నీ చేసి చూశాను. క్యాబిన్‌లో ఒక నోటు పుస్తకం పెట్టి కొట్టించిన ప్రతి లీటరూ రాశాను. ఇది ఆ పుస్తకం ముందేసుకుని రాస్తున్నది.

ముందు డబ్బా మందులు, అంటే డీజిల్‌లో కలపడానికి డబ్బాల్లో అమ్మేవి. రెండు రకాలు వాడాను. ఒకటి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను శుభ్రం చేసేది, రెండోది సీటేన్ పెంచేది. లోడు బరువు ఇంచుమించు ఒకటే ఉన్న బరంపురం–రాయగడ ట్రిప్పులే లెక్కలోకి తీసుకున్నాను. ట్యాంకు మూతి దాకా నింపి బయల్దేరడం, తిరిగొచ్చి అదే బంకులో అదే పంపు దగ్గర మళ్ళీ మూతి దాకా నింపడం. మందు లేకుండా పది ట్రిప్పులు, ఒక్కో మందుతో పదేసి ట్రిప్పులు. మందు లేనప్పుడు లీటరుకి 4.2 దగ్గర వచ్చింది. మందు పోసినప్పుడు ఒకసారి 4.1, ఒకసారి 4.3. ఘాట్‌లో ఎదురు బండి కోసం నాలుగు చోట్ల ఆగినా ఆ మాత్రం తేడా వస్తుంది. టైర్లలో గాలి వారం వారం చూసుకున్న నెలలో మాత్రం మైలేజ్ పెరిగినట్టు పుస్తకంలో కళ్ళకు కట్టినట్టు కనబడింది. దానికి నాకైన ఖర్చు టైర్ల షాపు కుర్రాడికి ఇచ్చిన టీ డబ్బులు.

సీటేన్ అంటే డీజిల్ ఎంత చురుగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె. బీఎస్-6 డీజిల్‌కి అది కనీసం 51 ఉండాలని నియమం. ఇంజిన్ తయారైందే ఆ డీజిల్‌కి. డిసెంబరు తెల్లవారుజామున మోహన దగ్గర కొండల మీద స్టార్ట్ చేసినప్పుడు సీటేన్ మందుతో తెల్లపొగ కాస్త తగ్గింది, అది నిజం. ఆ కాస్త కోసం ప్రతి ట్యాంకుకీ డబ్బా కొనాలనిపించలేదు.

ప్రీమియం డీజిల్, అంటే కంపెనీయే మందు కలిపి ఎక్కువ ధరకి అమ్మేది, నాలుగు నెలలు కొట్టించాను. ఇంజిన్ చప్పుడు కొంచెం మెత్తబడినట్టనిపించింది, మైలేజ్ కదల్లేదు. దీంట్లో ఇంకో చిక్కుంది. చిన్న ఊళ్ళలో ప్రీమియం కొనేవాళ్ళు తక్కువ, ఆ సరుకు భూమిలోని ట్యాంకులో రోజుల తరబడి నిలవ ఉంటుంది. అందుకే ట్యాంకర్ వెంట ట్యాంకర్ దిగే బంకులో మామూలు డీజిలే మేలంటాను. మా వైపు అలాంటి బంకులు గిరిసోల నుంచి బరంపురం దాకా హైవే మీద ఉన్నాయి. ఆంధ్రా కంటే ఒడిశాలో డీజిల్ లీటరుకి కొన్ని రూపాయలు తక్కువ కాబట్టి విశాఖ వైపు నుంచి వచ్చే లారీలు సరిహద్దు దాటాకే ట్యాంకు నింపుకుంటాయి. అక్కడ సరుకు నిలవుండే వీలే లేదు.

బంకు కొత్తదైతే రెండు అడగండి. ఐదు లీటర్ల కొలత పాత్ర ప్రతి బంకులో ఉండాలి, అనుమానం వస్తే దాంట్లో కొట్టి చూపించమనే హక్కు మనది. రెండోది ఆ రోజు డెన్సిటీ, అంటే డీజిల్ సాంద్రత. ట్యాంకర్‌తో వచ్చిన కాగితంలోని అంకెకీ, బంకులో కొలిచి 15 డిగ్రీలకు సరిచేసిన అంకెకీ మధ్య ఘనపు మీటరుకి 3 కిలోల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. అడిగితే ముఖం చిట్లించే బంకుకి నేను రెండోసారి వెళ్ళను.

ఇప్పుడు నీళ్ళ సంగతి. కొత్త ఓనర్లు డబ్బాల గురించి అడుగుతారు కానీ దీని గురించి ఎవరూ అడగరు.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మూడు రోజుల తర్వాత నేను బియ్యం లోడుతో మోహన బయల్దేరాను. దారిలో బంకులో సరుకు లేదంటే, దిగపహండి దాటాక ఒక కొట్టు దగ్గర డ్రమ్ములోంచి అరవై లీటర్లు పోయించాను. తప్తపాణి ఘాట్ ఎక్కుతుండగా బండి లాగడం మానేసింది. డీజిల్‌లో నీళ్ళున్నాయని చెప్పే లైటు వెలిగింది, ఇంకో మలుపుకి ఇంజిన్ ఆగిపోయింది. క్లీనర్ పరుగున వెళ్ళి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. కిందికి ఫోన్ చేస్తే ఒక ఒడియా మేస్త్రి బైకు మీద వచ్చాడు. ఫిల్టర్ కింది మర తిప్పి, తాగి పడేసిన నీళ్ళ సీసాలో పట్టాడు. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి వెలుగుకి ఎత్తి చూపించాడు. అడుగున నాలుగు వేళ్ళ మందం నీళ్ళు. పైన డీజిల్. రెండింటికీ మధ్య గోధుమరంగు పొర, చల్లారిన టీ మీద కట్టే తెట్టులాంటిది. సీసా వంచితే ఆ పొర విడిపోకుండా ముద్దగా జరిగింది. ఆయన అన్నది ఒక్కటే మాట: "పాణి."

ఆ పొర సూక్ష్మజీవులది. డీజిల్, నీళ్ళు కలిసే చోట అవి పెరుగుతాయి, ఫిల్టర్‌ని జిగురులా కప్పేస్తాయి. ఆ రాత్రి ఘాట్‌లోనే పడుకున్నాం. పైన వేడినీటి బుగ్గ ఉంది కదా, దాని గంధకం వాసన గాలికి వస్తూనే ఉంది. డీజిల్‌లోని గంధకం గురించి మేస్త్రి ఆ రాత్రే చెప్పాడు. బీఎస్-3 లో పది లక్షల భాగాలకు 350 భాగాలుండేది, బీఎస్-4 లో 50, బీఎస్-6 లో 10 కి దించారు. గంధకం తీసే క్రమంలో డీజిల్‌కి సహజంగా ఉండే జారుడు గుణం కూడా పోతుంది, దాన్ని రిఫైనరీలోనే మందు కలిపి తిరిగి తెస్తారు. ఇంజెక్టర్లకు డీజిల్‌ని నెట్టే మన హై ప్రెషర్ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, లోపల రాపిడి తగ్గించేది డీజిలే. అందులో నీళ్ళు చేరితే లోహం మీద లోహం రుద్దుకుంటుంది. నాకు రెండు ఇంజెక్టర్లు పోయాయి. ట్యాంకు దింపి కడిగించడం, ఫిల్టర్లు, మూడు రోజుల బాడుగ కూడా కలిపితే రెండు నెలల కిస్తీ.

అప్పటి నుంచి రాత్రి బండి ఆపే ముందే ట్యాంకు నింపుతాను. సగం ఖాళీ ట్యాంకులో తడిగాలి చల్లబడి చెమ్మగా దిగుతుంది, మా సముద్రతీరంలో మరీను. ప్రతి సోమవారం ఆ మర తిప్పి సీసాలో పట్టి చూస్తాను. వానాకాలంలో డీజిల్ ఫిల్టర్‌ని కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో సగానికే మార్చేస్తాను. నేను మనస్ఫూర్తిగా డబ్బు పెట్టిన మందు ఒక్కటే, ట్యాంకు కడిగినప్పుడు ఆ సూక్ష్మజీవుల్ని చంపడానికి వేసింది. నీళ్ళను డీజిల్‌లో కలిపేస్తామని చెప్పే మందులు మాత్రం కొనకండి. కలిసిపోయిన నీళ్ళు ఫిల్టర్ దగ్గర ఆగకుండా నేరుగా ఇంజెక్టర్‌లోకి పోతాయి.

తర్వాత డెఫ్, మనవాళ్ళ మాటలో యూరియా. 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీళ్ళు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచేది ఇదే. నా బండికి వంద లీటర్ల డీజిల్‌కి నాలుగు లీటర్ల దాకా పడుతుంది. రెండో ఏడాది ఒక చోట డబ్బాకి నూట యాభై రూపాయలు తక్కువని పేరు లేని సరుకు రెండు డబ్బాలు కొన్నాను. పది రోజుల్లో హెచ్చరిక లైటు, ఆ తర్వాత కంప్యూటర్ పికప్ తగ్గించేసింది. లోడుతో ఘాట్ ఎక్కలేక ఖాళీ చేయించుకుని వెనక్కొచ్చాను. సైలెన్సర్ వైపు డెఫ్ చిమ్మే నాజిల్ విప్పితే చుట్టూ ఉప్పుగడ్డలా తెల్లగా గట్టిపడి ఉంది.

డబ్బా మీద ఐఎస్ఓ 22241 అని ఉందో లేదో చూడండి, సీలు చూడండి. ఎండలో పెట్టిన డబ్బా కొనకండి: 25 డిగ్రీల్లో ఏడాదిన్నర ఉండే సరుకు 35 డిగ్రీల్లో ఆరు నెలలే నిలుస్తుంది. చుక్క వేసి శాతం చూసే చిన్న రిఫ్రాక్టోమీటర్ కొనుక్కున్నాను, ప్రతి కొత్త డబ్బాకీ చూస్తాను. పొలం యూరియాతో ఇంట్లో కలుపుకునే ఆలోచనే వద్దు. మన దేశంలో ఎరువు యూరియాకి 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, బోరు నీళ్ళలోని సున్నం రెండూ కలిసి పొగను శుద్ధి చేసే లక్షల విలువైన భాగాన్ని పూడ్చేస్తాయి. చలికి గడ్డకడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. అది గడ్డకట్టేది సున్నాకి దిగువన 11 డిగ్రీల్లో, మా కొండల్లో అంత చలి లేదు.

మా మావయ్య ముప్ఫై ఏళ్ళు పాత లారీ నడిపారు. "ట్యాంకుకి రెండు లీటర్లు కిరసనాయిలు పొయ్యి అల్లుడూ, మా రోజుల్లో అదే మందు" అన్నారు. ఆయన బండికి అది చెల్లింది. "ఈ పంపుకి పడదు మావయ్యా, అందులో జిడ్డుండదు" అని ఆ తెట్టు కట్టిన ఫిల్టరూ, అరిగిన ఇంజెక్టరూ చేతిలో పెట్టాను. చాలాసేపు తిప్పి చూసి, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం కూడా అంతే, దాని బూడిద పొగ ఫిల్టర్‌లో పేరుకుంటుంది. ఇంజిన్ ఆయిల్ సీకే-4 రకమే వేయించండి, అందులో బూడిద తక్కువ.

వచ్చే నెల మా మేనల్లుడు గుణుపురంలో బండి తీసుకుంటున్నాడు. ఏ మందు కొనమంటావని నిన్న ఫోన్ చేశాడు. వాడి కోసం రెండు డీజిల్ ఫిల్టర్లు, ఒక రిఫ్రాక్టోమీటర్, జల్లెడ ఉన్న గరాటు, ఒక తెల్ల గాజు సీసా కొని బీరువా మీద పెట్టాను.